బావగారి ఓ సిక్స్

డెన్వర్‌లో ఉండే మా బావకు వయోమింగ్‌లో ప్రాంగ్‌హార్న్ అనే జింకలాంటి జంతువు వేటకి లాటరీలో ట్యాగ్, అంటే వేట అనుమతి, తగిలింది. అక్కడివాళ్లు దాన్ని యాంటిలోప్ అనే అంటారు గానీ, దాని దగ్గరి చుట్టాల్లో జిరాఫీ ఒకటి. మన దగ్గర కృష్ణజింక మీద తుపాకీ ఎక్కుపెడితే 1972 చట్టం కింద జైలే. అక్కడ ట్యాగ్ చేతిలో ఉంటే ఆ టెన్షన్ లేదు. బావకు మాత్రం జూన్ నుంచి ఒకటే బెంగ: ఏ తూటా కొనాలి? (తూటా పేరులో చుక్కతో మొదలయ్యే అంకె దాదాపుగా గుండు లావు, అంగుళాల్లో.)

".243 సరిపోతుంది కదా బావా, యాభై కిలోల జంతువుకి?" అన్నాను.

"గాలి, బామ్మర్దీ! అక్కడి గాలి సంగతి నీకేం తెలుసు?"

గాలి సంగతి నిజమే. గంటకు 10 మైళ్ల అడ్డగాలి వీస్తే ఆ 100 గ్రెయిన్ల గుండు 300 గజాలు వెళ్లేసరికి అరడుగుకు పైనే పక్కకి జరుగుతుంది. పోనీ .270? అది 1925 నాటిది, ముసలిదైపోయిందన్నాడు. 6.5 క్రీడ్‌మోర్? ప్రతివాడి దగ్గరా అదేనట. పెళ్లిచూపుల్లో ఇన్ని వంకలు పెట్టుంటే మా అక్క ఈయనకి దక్కేదే కాదు. చివరికి .25-06 రెమింగ్టన్, 117 గ్రెయిన్ల గుండు దగ్గర ముహూర్తం కుదిరింది.

"117 గ్రెయిన్లంటే ఎంతండీ?" అంది అక్క.

"ఏడున్నర గ్రాములు."

"కాసు బరువు కూడా లేదు! దీనికా ఇన్ని నెలలు?"

తుపాకీని 200 గజాలకి జీరో చేయడంలోనే, అంటే ఆ దూరానికి గురి సరిచేయడంలోనే, ఉన్న తూటాలన్నీ అయిపోయాయి. అక్టోబర్‌లో బయల్దేరినప్పుడు దారిలో ఓ ఊళ్లో కొట్టు ముందు ఆపాం. బావ అక్కడివాడిలా కౌంటర్ మీద మోచెయ్యి ఆనించి, "ఓ సిక్స్ ఒక బాక్స్" అన్నాడు. బావ ఉద్దేశం తన .25-06లోని 06. ఆ దేశంలో ఓ సిక్స్ అంటే .30-06 ఒక్కటే. కొట్టాయన ఇంకో మాట లేకుండా అదే తీసిచ్చాడు. బాక్సు మీద అంత లావు అక్షరాలున్నాయి. బావకి చదివే తీరికేదీ? కొట్టాయనకి గాలి గురించి పాఠం చెబుతున్నాడు.

మర్నాడు పొద్దున్నే నారింజ రంగు జాకెట్లతో సేజ్ పొదల్లో బోర్లా పడుకున్నాం. 180 గజాల్లో మంచి మగది నిలబడింది. గాలి లేదు! ఆకు కదల్లేదు. బావ తూటా పెట్టాడు. వెళ్లలేదు. తూటాని లోపలికి తోసే బోల్టు నెట్టాడు. వెళ్లలేదు. 'ఇదేం బ్యాచో' అని ఇంకోటి తీశాడు.

"బావా, మీది పాతిక. ఇది ముప్ఫై," అన్నాను బాక్సు చూసి.

ఆ మాటకో, బావ తిట్టిన తిట్టుకో, జింక మాయమైంది. దాని పరుగు గంటకు 50 మైళ్ల పైమాటే.

మళ్లీ ఆ కొట్టుకే వెళ్లాం. అమ్మిన తూటాలు వాపసు తీసుకోరట. .25-06 స్టాకు లేదట. "పోనీ, దీనికి సరిపోయే తుపాకీ ఉంది, చూపించనా?" అన్నాడాయన.

బావ ధర అడిగాడు.