ప్యాసివ్ వాయిస్ గారికి బహిరంగ లేఖ

అయ్యా ప్యాసివ్ వాయిస్ గారూ,

రాముడు రావణుణ్ణి చంపాడంటే సరిపోయేదానికి, దాన్ని తిరగేసి రావణుడు రాముడి చేత చంపబడ్డాడని స్కూల్లో ఎందుకు రాయించేవారో మాకు అప్పట్లో అర్థం కాలేదు. చివర్లో 'బై రామా' రాయకపోతే మాస్టారు మార్కు కోసేసేవారు. ఉద్యోగాల్లో చేరాక తెలిసింది, అసలు లాభమంతా ఆ 'బై' ఎగ్గొట్టడంలోనే ఉందని.

రైలు గంటల తరబడి లేటైతే స్టేషన్‌లో మైకు ఎంత తీయగా చెబుతుందో చూడండి, 'ది ఇన్‌కన్వీనియన్స్ కాజ్‌డ్ ఈజ్ డీప్లీ రిగ్రెటెడ్'. గ్రామర్‌లో వంక పెట్టడానికి లేదు. అసౌకర్యం కలిగించిందెవరు, విచారిస్తున్నదెవరు అని మాత్రం అడక్కూడదు. తెలుగు అనౌన్స్‌మెంట్‌లో 'చింతిస్తున్నాము' అంటారు కాబట్టి, ఎక్కడో కొందరు కూర్చుని నిజంగానే చింతిస్తున్నారేమోనన్న ఆశైనా మిగులుతుంది.

మీ పలుకుబడి మామూలుది కాదులెండి. ఇరాన్‌కు దొంగచాటుగా ఆయుధాలమ్మిన గొడవ బయటపడ్డాక, 1987లో అధ్యక్షుడు రీగన్ అమెరికా కాంగ్రెస్ ముందు నిలబడి 'సీరియస్ మిస్టేక్స్ వర్ మేడ్' అన్నాడు. చేసిందెవరో ఆ వాక్యంలో లేదు. జలియన్‌వాలా బాగ్ సంగతి ఇంకా ఘోరం. 1919 ఏప్రిల్ 13న కాల్పులు జరిపించినవాడు డయ్యర్ అని మన పిల్లలకు కూడా తెలుసు. వందేళ్లు నిండబోతుంటే, 2019 ఏప్రిల్ 10న బ్రిటన్ ప్రధాని థెరిసా మే పార్లమెంటులో, జరిగినదానికీ కలిగిన బాధకూ తీవ్రంగా విచారిస్తున్నామన్నారు. క్షమాపణ మాత్రం చెప్పలేదు. జరిగిందట, కలిగిందట, తుపాను వచ్చిపోయినట్టు!

నేరం మీ ఒక్కరి మీదే తోసేస్తే అన్యాయమే. మా ఇళ్లలోనూ గ్లాసును ఎవరూ పగలగొట్టరు, అదే పగిలిపోతుంది. కాకపోతే మా అమ్మ దగ్గర ఆ వాక్యం చెల్లదు, వీపు మీద ఒకటి పడుతుంది. మీది లెటర్‌హెడ్ మీద చెల్లుతుంది.

ఇక రాబోయే పనుల దగ్గరికొస్తే మీ బంధువులు దిగుతారు, మైట్ గారూ, 'ఈజ్ ఎక్స్‌పెక్టెడ్ టు' గారూ. 'ద ఫైల్ ఈజ్ ఎక్స్‌పెక్టెడ్ టు బి క్లియర్డ్ బై ఫ్రైడే' అని మెయిలొస్తుంది. మనిషి పేరు ముందు మాయమైన 'బై' వారం పేరు ముందు ప్రత్యక్షమవుతుంది, అదీ ఏ శుక్రవారమో చెప్పకుండా.

మా ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడొకడు 'సారీ సార్, ఐ డిడ్ నాట్ సెంట్ ఫైల్, టుమారో టెన్ ఓ క్లాక్ ఐ విల్ సెండింగ్' అని గ్రూప్‌లో పెడితే అందరూ పడీపడీ నవ్వారు. ఎవరు పంపలేదో, ఎప్పుడు పంపుతాడో రెండూ అందులోనే ఉన్నాయి, మర్నాడు పదింటికి ఫైలు వచ్చింది కూడా. డిడ్ తర్వాత సెండ్ అనాలని టీమ్ లీడ్ క్లాసు పీకాక, పాపం వాడు ఇప్పుడు ఏఐతో రాయించుకుంటున్నాడు, 'ద డిలే ఈజ్ సిన్సియర్లీ రిగ్రెటెడ్' అని. గ్రామర్ బాగుపడింది. ఫైలు ఇంకా రాలేదు.

ఉండండి, అసలు పని మర్చిపోయాను. మా అపార్ట్‌మెంట్ లిఫ్టు మీద అసోసియేషన్ వాళ్లు 'లిఫ్ట్ మైట్ బి రిస్టోర్డ్ షార్ట్లీ' అని కాగితం అంటించారు. ఆ కాగితం కూడా పాతబడిపోయింది. ఐదో అంతస్తుకు గ్యాస్ సిలిండర్ మోయబడవలసి ఉంది. ఈసారి 'బై' పెట్టి, దాని తర్వాత మీ పేరు రాసుకుని సాయంత్రానికల్లా రండి.

ఇట్లు,
ఐదో అంతస్తు నుంచి