బీరువాలో ఒక చెవి

కళ్లద్దాలు పెట్టుకున్న మనిషిని చూస్తే మా నల్లగొండలో ఎవరైనా 'సారు' అంటారు. చెవికి మిషన్ పెట్టుకున్న మనిషిని చూస్తే 'పాపం' అంటారు. నిజానికి అద్దాలు కూడా చెవుల మీద వాలితేనే నిలబడతాయి. అయినా ఒకటి హోదా, ఇంకోటి లోపం అన్నది సమాజం బాగా ఆలోచించి తీసుకున్న నిర్ణయం కాబట్టి దాన్ని ప్రశ్నించే సాహసం నేను చెయ్యను. ఆ నిర్ణయాన్ని మా ఇంట్లో ఎంత నిష్ఠగా అమలు చేశామో నలుగురికీ తెలియజెయ్యడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మా నాయిన మిర్యాలగూడలో ఒక రైసు మిల్లులో ముప్ఫై ఒక్క ఏళ్లు పనిచేశాడు. ఆ మోతలో పక్కనున్న మనిషితో ముచ్చట పెట్టాలంటే చెవిలో నోరు పెట్టి అరవాలి, లేదా చేతులతో సైగలు చెయ్యాలి. 85 డెసిబెల్లు దాటిన మోతలో రోజుకు ఎనిమిది గంటల చొప్పున ఏళ్లకేళ్లు ఉంటే లోపలి చెవిలో, నత్తగుల్ల ఆకారంలో ఉండే చోట, సన్నటి రోమ కణాలు చచ్చిపోతాయట. చచ్చినవి మళ్లీ రావు. వరి కొయ్యకాలుకైనా పిలక వస్తుంది గానీ వీటికి రాదు. "మిల్లుల చెవులల్ల దూదన్న పెట్టుకోకపోతివా నాయినా" అని ఒకసారి అడిగితే, "దూది పెట్టుకుంటే సేటు పిలిచేది ఎట్ల ఇనబడుతదిరా" అన్నాడు. సేటు పిలుపు ఒక్కటీ తప్పలేదు. ఆ తర్వాత మేం పిలిచినవే తప్పిపోయాయి.

చెవిటివాని ముందు శంఖం ఊదితే ఏం కొరుకుతున్నావని అడిగాడట. ఈ సామెత కట్టిన పెద్దమనిషికి వినికిడి సంగతి బొత్తిగా తెలియదు. శంఖం మోత మా నాయినకు బ్రహ్మాండంగా వినబడుతుంది. వినబడనివి స, ష, త, ప లాంటివి. మోత వల్లగానీ వయసు వల్లగానీ వచ్చే చెవుడులో ముందు పోయేవి సన్నని శబ్దాలే. మాట మొత్తం మోగుతుంది గానీ అది ఏ మాటో తెలియదు. అక్షరమాలలో అచ్చులు నాయిన దగ్గరే మిగిలాయి, హల్లులు మిల్లువాళ్లు ఉంచుకున్నారు. "పప్పు ఎవరు చేసిన్రు?" అని అమ్మ అడిగితే, "తప్పు నేను చెయ్యలే" అని జవాబిచ్చేవాడు. వాళ్లిద్దరి సంసారంలో ఆ జవాబు చాలా సందర్భాలకు సరిపోయేది కాబట్టి మొదట్లో ఎవరికీ అనుమానం రాలేదు.

చివరికి పరీక్షకు తీసుకుపోయాం. ఏ ఆసుపత్రి అన్నది చెప్పను. అక్కడ వినికిడి పరీక్ష గది బయట అటెండరు ఒకాయన కాయితంలోకి చూస్తూ, గుడిలో మంత్రం చదివినట్టు మెల్లగా పేర్లు పిలుస్తాడు. పలకనివాళ్ల పేరు దాటేసి తర్వాతి పేరుకు పోతాడు. లోపల లక్షల రూపాయల యంత్రం చేసే పనిని ఈయన బయట ఖర్చు లేకుండా చేసేస్తున్నాడు. అది గమనించినవాడు లేడు.

పరీక్షలో నాయిన కుడి చెవి 62 డెసిబెల్ల దగ్గర, ఎడమ చెవి 57 దగ్గర తేలింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం మాటలు వినే శబ్దాల్లో రెండు చెవులకూ కనీసం 60 డెసిబెల్ల లోపం ఉంటేనే వినికిడి లోపం కింద లెక్క. అంటే ఎడమ చెవికి మూడు మార్కులు తగ్గి మా నాయిన ఫెయిలయ్యాడు. "ఇంకొన్నేండ్లు మిల్లుల ఉంటే పాసయ్యేటోడివి" అని మా బావ ఓదార్చాడు.

చెవి పరీక్ష చేసిన ఆడియాలజిస్టు మేడం రెండు చెవులకూ రెండు మిషన్లు పెట్టమంది. రెండుంటే మాట ఏ పక్క నుంచి వస్తోందో తెలుస్తుందట, నలుగురిలో కూర్చున్నప్పుడు తేలికవుతుందట. దీని మీద ఇంట్లో పంచాయితీ జరిగింది. ఒక చెవితో విని ఇంకో చెవితో వదిలెయ్యడం మన పూర్వీకుల పద్ధతి కదా, రెండింటికీ మిషన్లు బిగిస్తే విన్నది పోయే దారేదీ అని బావ వేసిన ప్రశ్నకు ఎవరి దగ్గరా జవాబు లేదు. పైగా ఒక్కోటి ఇరవై రెండు వేలు. కుడి చెవికి ఒకటి తీసుకున్నాం. చెవిలోకి గులాబీ రంగు ముద్ద ఎక్కించి అచ్చు తీశారు. చెవి వెనక మిషన్, దానికో సన్నటి గొట్టం, గొట్టం చివర చెవిలో ఇమిడే ఆ అచ్చు. ఇంటికి తెచ్చిన రోజు అమ్మ దానికి బొట్టు పెట్టి బీరువాలో పెట్టింది. గద్వాల చీర కింద, పట్టాదారు పాసుపుస్తకం పైన.

నాలుగు నెలలు అది అక్కడే ఉంది. ఇంతకంటే భద్రమైన వాడకం ఉంటుందని నేననుకోను. చెమట తగల్లేదు, గులిమి అంటలేదు, కింద పడలేదు. "రోజూ పెట్టుకుంటే అరిగిపోతది, పెండ్లిళ్లకు పెట్టుకుందువులే" అని అమ్మ చెప్పిన మాట నాయినకు వినబడకపోయినా ఒప్పుకున్నాడు.

పెళ్లి రానే వచ్చింది, సూర్యాపేటలో. మిషన్ తీస్తే సెల్లు చచ్చి ఉంది. ఇవి గాలి పీల్చి పనిచేసే జింక్ సెల్లులు. మీద స్టిక్కర్ పీకినప్పుడు లోపలికి గాలి పోయి ప్రాణం వస్తుంది, ఆ తర్వాత వాడినా వాడకపోయినా ఆయుష్షు తరుగుతూనే ఉంటుంది. కొన్న రోజే ముచ్చటపడి ఆరు సెల్లుల స్టిక్కర్లూ పీకి చూసి, పొదుపుగా మళ్లీ అంటించి పెట్టింది అమ్మ. ఆరూ పోయాయి. దారిలో కొత్తవి కొనుక్కొని, స్టిక్కర్ పీకి రెండు నిమిషాలు గాలి తగలనిచ్చి, పెళ్లి పందిట్లో బ్యాండు మేళం పక్కన మా నాయినకు మొట్టమొదటిసారి మిషన్ తగిలించాం. ఈత నేర్చుకునేవాణ్ని తీసుకుపోయి సాగర్ డ్యామ్ గేటు కింద దించినట్టు. పలకరించడానికి వచ్చిన ప్రతి చుట్టమూ మెడ మీద చెయ్యేసి దగ్గరకు లాక్కున్నాడు. మిషన్‌కు ఏదైనా అడ్డమొస్తే, లేదా అచ్చు సరిగ్గా కూర్చోకపోతే, బయటికి కారిన శబ్దం మళ్లీ మైకులోకే దూరి కుయ్యిమంటుంది. కుయ్యిమన్నప్పుడల్లా ఫోన్ అనుకొని జనం జేబులు తడుముకున్నారు. పావుగంటకు నాయిన దాన్ని తీసి అంగీ జేబులో వేసుకున్నాడు. మిగతా పెళ్లంతా జేబే విన్నది.

ఇక శుభ్రత. మా అమ్మ ఇత్తడి బిందెను చింతపండుతో తోమితే అందులో ముఖం చూసుకోవచ్చు. అలాంటి మనిషి చేతికి గులిమి అంటిన మిషన్ దొరికింది. గొట్టం నుంచి అచ్చును విడదీసి, ఆ అచ్చును మాత్రమే గోరువెచ్చని సబ్బు నీళ్లలో కడగాలనీ, ఆరాకే తగిలించాలనీ, మిషన్‌కు చుక్క నీరు తగలొద్దనీ మేడం రెండుసార్లు చెప్పింది. కానీ సగం కడిగి సగం వదిలెయ్యడం అమ్మ జన్మలో చెయ్యని పని. మొత్తం ముంచి కడిగింది. తర్వాత నేను నా చదువంతా ఉపయోగించి, నీళ్లలో పడ్డ ఫోన్‌ను బియ్యంలో పెడతారు కదా అని బియ్యం డబ్బాలో పెట్టాను. మిల్లులో పోయిన వినికిడి అట్లా మళ్లీ బియ్యంలోకే చేరింది. మైకు రంధ్రంలో నూక ఇరుక్కుంది. నూక తీసి, తడి ఆరలేదేమోనని మే నెల నల్లగొండ ఎండలో డాబా మీద మిరపకాయల పక్కన ఆరబెట్టాం. రిపేరుకు తీసుకుపోతే మేడం దాన్ని వాసన చూసి, కాసేపు మాట్లాడలేదు.

ఇప్పుడు పద్ధతి మారింది. పొడి గుడ్డతో తుడవడం, రాత్రి సెల్లు తలుపు తీసి, తేమ పీల్చే గుళికలున్న డబ్బాలో పెట్టడం, తలకు నూనె పెట్టేముందు, స్నానానికి ముందు తీసెయ్యడం. పాత సెల్లులను మాత్రం చిన్నపిల్లలకు అందకుండా చూడండి. ఇందులో వ్యంగ్యం లేదు. బటన్ సెల్లు మింగితే గొంతులో గంటల్లోనే పుండు పడుతుంది, ప్రాణం మీదికి వస్తుంది.

రిపేరయ్యాక నాయిన మిషన్‌ను రోజూ పెట్టుకోవడం మొదలుపెట్టాడు. ఇంట్లో పెట్టుకునే మొదటి రోజుల్లో ఎవరికైనా లొల్లిగానే ఉంటుంది, ఏళ్లుగా వినని శబ్దాలను ఏది ఏదో తేల్చుకోవడానికి మెదడుకు కొన్ని వారాలు పడుతుంది. ఫ్యాను తిరగడం, స్టీలు పళ్లెం పెట్టడం, పేపరు తిప్పడం, తన చెప్పుల చప్పుడు. "ఈ ఇంట్ల ఇంత లొల్లి ఉన్నదారా?" అన్నాడు. మిషన్ పెట్టుకున్నాడు కదా అని మేమందరం ఇంకా గట్టిగా అరవసాగాం. నిజానికి ఎదురుగా నిలబడి, ముఖం కనబడేటట్టు, కొంచెం నిదానంగా మాట్లాడితే చాలు. అరిస్తే మాట పగిలిపోతుంది. ఇది మాకు తెలిసినా, నిదానంగా మాట్లాడటం మా వంశంలో లేదు.

వినాయక చవితికి మాత్రం ఆయనంత అదృష్టవంతుడు మా వాడలో లేడు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్లున్న చోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్లు మించకూడదు. మా వాడ డీజే కుర్రవాళ్లు ఆ రెండంకెలనూ కలిపి వాయిస్తారు. అందరం చెవుల్లో వేళ్లు పెట్టుకుంటే, నాయిన చిటికెన వేలితో సెల్లు తలుపు తెరిచి ప్రశాంతంగా అటుకులు తింటాడు.

అసలు ప్రమాదం ఆ తర్వాత వచ్చింది. నాయినకు మాటలు అర్థం కావడం మొదలైంది.

ఇక్కడ పాఠకులకు ఒక రహస్యం చెప్పాలి. మేం మిషన్ కొన్నది మేం అరవకుండా ఉండటానికి, ఆయన వినడానికి కాదు. ఈ రెండూ ఒకటేనని మేడం అనుకుంది, పాపం. గోడలకు చెవులుంటాయంటారు. మా ఇంట్లో గోడలకే ఉండేవి. అందుకే ముఖ్యమైన సంగతులన్నీ నాయిన మంచం పక్కన కూర్చొనే మాట్లాడుకునేవాళ్లం. హాలియా దగ్గర సాగర్ ఎడమ కాల్వ కింద ఎకరంన్నర పొలం అమ్ముదామన్న ఆలోచన రెండేళ్లుగా ఆయన ముందే నడుస్తోంది. ఒక ఆదివారం బావ ఎప్పటిలాగే బేరం సంగతి ఎత్తాడు. నాయిన పేపరు మీంచి తల ఎత్తకుండా, "ఎవరి పొలం బావా అది?" అన్నాడు. అల్లుణ్ని బావా అని ఆయన పిలవడం అదే మొదలు, అదే ఆఖరు.

వెంటనే కుటుంబమంతా సమావేశమై మిషన్‌లో లోపం ఉందని తేల్చింది. సౌండు ఎక్కువైనట్టుంది, కొంచెం తగ్గించమని అడగడానికి నేనూ బావా వెళ్లాం. మేడం కంప్యూటర్‌కు వైరు తగిలిస్తూ, "ఎక్కువైందని ఆయన చెప్పారా?" అని అడిగింది. బావ పైకి, ఫ్యాను వైపు చూశాడు. సౌండు తగ్గలేదు, పొలం అమ్ముడుపోలేదు.

మిగిలింది సెల్లుల లెక్క. ఇంటి జమాఖర్చు నాదే కాబట్టి గమనించాను. నారింజ రంగు స్టిక్కరుండే 13 నంబరు సెల్లు, పగలంతా పెట్టుకొని రాత్రి తలుపు తీసి పెడితే, మిషన్‌ను బట్టి మాకు పది రోజులు రావాలి. ఏడో రోజుకే చచ్చిపోతోంది. దుకాణం మార్చాను. స్టిక్కర్లు పీకి చూస్తున్నావా అని అమ్మను అడిగాను, అలిగింది. ఎవరు తింటున్నారీ మూడు రోజులు?

మా అమ్మకు ఒక అలవాటుంది. నాయిన మిషన్ తీసి పడుకున్నాక, లైటు ఆర్పి, తన మంచం మీద కూర్చొని మాట్లాడుతుంది. నలభై ఆరేళ్ల సంసారంలో పగటిపూట చెప్పనివన్నీ. మేనత్త అన్న మాట, పురిటికి ఆలస్యంగా వచ్చిన సంగతి, మిల్లు బంద్ పెట్టిన ఏడాది తన చెవి కమ్మలు కుదువపెట్టి విడిపించకపోవడం. ఆయనకు వినబడదన్న ధైర్యంతో నోరారా చెప్పుకుంటుంది.

మొన్న రాత్రి మంచినీళ్లకు లేచాను. వాళ్ల గది తలుపు ఓరగా ఉంది, వీధి దీపం వెలుగు లోపలికి పడుతోంది. కిటికీలో డబ్బా మూత తీసి ఉంది, లోపల గుళికలు తప్ప ఏమీ లేదు. నాయిన గోడ వైపు తిరిగి ఎడమ పక్కకు ఒత్తిగిలి పడుకొని ఉన్నాడు. కుడి చెవి పైకి ఉంది, దిండు తగలకుండా, కుయ్యిమనకుండా. చెవి వెనక మిషన్ ఉంది. అమ్మ అప్పుడే కమ్మల దగ్గరికి వచ్చింది.

మర్నాడు పొద్దున్నే పోయి సెల్లుల ప్యాకెట్లు రెండు ఎక్కువ తెచ్చాను.

"గిన్నెందుకురా?" అంది అమ్మ.

నాకు వినబడలేదు.