‘నీతో పాటు ఇంకెవరు?’: ‘ది క్రూసిబుల్’ని పిల్లలు ఎలా చదవాలి

మా అమ్మాయి పదకొండో క్లాసు. ఈ ఏడాది ఇంగ్లిష్‌లో ఆర్థర్ మిల్లర్ నాటకం ‘ది క్రూసిబుల్’ చదువుతున్నారు. అమెరికాలో హైస్కూల్ పిల్లలున్న చాలా తెలుగు ఇళ్లలో ఈ పేరు ఎప్పుడో ఒకప్పుడు వినపడే ఉంటుంది. కాగితం మధ్యలో గీత కొట్టి, ఎడమ పక్క నాటకం కథ జరిగే 1692 నాటి సేలం మంత్రగత్తెల విచారణలు, కుడి పక్క అమెరికాలో 1950ల నాటి కమ్యూనిస్టుల వేట రాసుకుని, ఏది దేనికి గుర్తో జత కలపమన్నారు. ఆ పని అరగంటలో అయిపోయింది. కింద ఒక ప్రశ్న ఉంది: మాస్ హిస్టీరియా (గుంపంతా ఒకేసారి భయంతో ఊగిపోవడం) మనుషుల్ని ఎలా మారుస్తుంది?

నాకు ఆ ప్రశ్న దగ్గరే అభ్యంతరం. హిస్టీరియా అనగానే అది ఎవరి చేతిలోనూ లేనిది, గాలివానలా వచ్చి పోయింది అనిపిస్తుంది. మసాచుసెట్స్‌లోని సేలంలో జరిగింది అలా లేదు. పెద్దమనుషులు ఫిర్యాదులు రాశారు, మేజిస్ట్రేట్లు వారంట్లు ఇచ్చారు, గుమస్తాలు ప్రతి మాటా రాసుకున్నారు, గవర్నర్ విలియం ఫిప్స్ ఈ కేసుల కోసమే ప్రత్యేక కోర్టు వేశాడు. జైల్లో పెట్టినవాళ్ల దగ్గరే తిండి ఖర్చు, సంకెళ్ల ఖర్చు వసూలు చేశారు. 150 మందికి పైగా నిందితులు. 19 మందిని ఉరి తీశారు, వాళ్లలో 14 మంది ఆడవాళ్లు. నేరం చేశావా లేదా అన్నదానికి జవాబే చెప్పనన్న ముసలాయన జైల్స్ కోరీని ఛాతీ మీద బండరాళ్లు పేర్చి చంపారు. డెబ్బై దాటిన రెబెకా నర్స్‌ది ఇంకా ఘోరం, జ్యూరీ ఆమెను మొదట నిర్దోషి అంది, మరోసారి ఆలోచించుకోండని కోర్టు వాళ్లను లోపలికి పంపింది, తిరిగొచ్చి దోషి అన్నారు. పూనకం వచ్చినట్టు ఊగింది కొందరు ఆడపిల్లలు. మిగతా పనంతా బాగా చదువుకున్న పెద్దవాళ్లు, పద్ధతి ప్రకారం, తేదీలు వేసి చేశారు.

నాటకంలో మిల్లర్ గొప్పగా పట్టుకున్నదీ ఈ పద్ధతినే. మూడో అంకం ఒకటికి రెండుసార్లు చదవండి. జడ్జి డాన్‌ఫర్త్ అరవడు, చాలా ఓపిగ్గా తర్కం చెబుతాడు. మంత్రగత్తె చేసే నేరం కంటికి కనపడదు కాబట్టి దానికి సాక్షులు ఇద్దరే ఉంటారు, చేసినావిడ, బాధపడినావిడ. చేసినావిడ తన మీద తనే సాక్ష్యం చెప్పదు కదా, కాబట్టి బాధపడ్డామంటున్న పిల్లల మాటే నమ్మాలి. వినడానికి ఎంత సబబుగా ఉందో చూడండి, కానీ ఈ తర్కంలోకి ఒకసారి అడుగుపెట్టిన మనిషికి బయటికి దారి లేదు. రెబెకా మంచిదని ఆమె భర్త ఫ్రాన్సిస్ నర్స్ 91 మందితో సంతకాలు పెట్టించి తెస్తాడు. ఆ 91 మందినీ విచారణకు పట్టుకురమ్మని కోర్టు వారంట్లు ఇస్తుంది. పక్కింటావిడ మంచిదని సంతకం పెట్టడమే నేరమైపోయింది. నా దృష్టిలో నాటకం మొత్తంలో అన్నిటికంటే భయం పుట్టించే చోటు ఇదే, క్లాసులో మాత్రం దీని మీద ఒక్క ప్రశ్నా లేదు.

ఇంకో సంగతి. సేలంలో ఒప్పుకున్నవాళ్లు దాదాపు అందరూ బతికారు, నేను చేయలేదని చివరిదాకా నిలబడ్డవాళ్లు ఉరికంబం ఎక్కారు. బానిసగా ఉన్న టిటుబా ఒప్పుకుంది, బతికింది. అయితే ఒప్పుకోలు ఒక్కటే సరిపోదు, వెంటనే రెండో ప్రశ్న వస్తుంది: నీతో పాటు ఇంకెవరు? ఈ ప్రశ్నే ఆ రెండు కాలాలనీ కలిపే ముడి. 1952 ఏప్రిల్‌లో దర్శకుడు ఇలియా కజాన్, అంతకుముందు మిల్లర్ నాటకాలు రెండింటిని బ్రాడ్‌వేలో నిలబెట్టిన మనిషి, కమ్యూనిస్టుల్ని వెతుకుతున్న అమెరికా ప్రతినిధుల సభ కమిటీ ముందు, కమ్యూనిస్టులంటూ తన పాత సహచరుల పేర్లు చెప్పాడు. ఆ రోజుల్లోనే మిల్లర్ సేలం వెళ్లి పాత కోర్టు రికార్డులు తిరగేస్తున్నాడు. 1953 జనవరి 22న నాటకం న్యూయార్క్‌లో తెర లేచింది. (పిల్లలు ఇదంతా కమ్యూనిస్టుల వేటకు పేరుపడ్డ మెకార్తీ ఖాతాలో వేస్తుంటారు. ఆయన సెనేటర్, కజాన్‌ని పిలిచిన కమిటీతో ఆయనకు సంబంధం లేదు.)

మంత్రగత్తెలు లేరు, కమ్యూనిస్టులు ఉన్నారు, కాబట్టి పోలిక చెల్లదు అని అప్పుడే అన్నారు, ఇప్పటికీ అంటారు. కొట్టిపారేయాల్సిన మాట కాదు. కానీ కమిటీ అడిగిన పేర్లలో చాలా వరకు దాని దగ్గర ముందే ఉన్నాయి. తెలిసిన పేర్లు మళ్లీ నోటితో ఎందుకు చెప్పించాలి? సమాచారం కోసమైతే అక్కర్లేదు, ఆ మనిషి తలవంచాడని నలుగురూ చూడటం కోసమైతే కావాలి. నాటకం చివర్లో కథానాయకుడు జాన్ ప్రాక్టర్ ప్రాణం కోసం తన మీద అబద్ధం చెప్పుకోవడానికి సిద్ధపడతాడు, ఇంకొకరి పేరు చెప్పడానికి మాత్రం ఒప్పుకోడు, తీరా సంతకం పెట్టాక, చర్చి తలుపుకి అంటించబోయే ఆ కాగితాన్ని ఇవ్వనని చింపేస్తాడు. ఇది రాసిన మూడేళ్లకు, 1956లో, మిల్లర్‌నీ ఆ కమిటీ పిలిచింది. తన గురించి అడిగినవాటికి జవాబులు చెప్పాడు, ఇతరుల పేర్లు చెప్పనన్నాడు. 1957లో అమెరికా చట్టసభ కాంగ్రెస్‌ని ధిక్కరించాడని శిక్ష పడింది, మరుసటి ఏడాది పై కోర్టు కొట్టేసింది.

అలాగని మిల్లర్ చేసినవన్నీ ఒప్పని నేననను. నిందలు వేసే పిల్లల్లో ముందుండే అబిగైల్‌కి అసలు 11, 12 ఏళ్లు, అసలు ప్రాక్టర్‌కి 60 దాకా ఉంటాయి. మిల్లర్ ఆమెను 17కి పెంచి, అతణ్ని ముప్పైల్లోకి దింపి, ఇద్దరి మధ్యా ఒక సంబంధం కల్పించాడు. నాటకానికి అది బలమే. నష్టం ఏంటంటే, చదివిన పిల్లలు తప్పంతా ఆ అమ్మాయి పగ మీద వేసి ఊరుకుంటున్నారు. పొరుగువాడి మీద తన కూతురి చేత నేరం మోపించి, జప్తయ్యే ఆ భూమిని కొందామని చూసిన పుట్నమ్‌ కూడా నాటకంలోనే ఉన్నాడు. మా అమ్మాయి వర్క్‌షీట్‌లో ఆ పేరు కనపడలేదు.

ఆ భూమి సంగతి చదువుతుంటే మా ఇంట్లో మాట బాణామతి మీదికి మళ్లింది. తెలంగాణ పల్లెల్లో మంత్రాలు చేస్తున్నాడన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపడం, మంత్రం పలకకుండా పళ్లు పీకేయడం మనం పేపర్లలో చదివినవే. అక్కడ కోర్టు చంపలేదు, గుంపు చంపింది, ఈ తేడా పెద్దదే. కానీ చేయలేదని ఎలా నిరూపించుకోవాలో ఎవరూ చెప్పలేని నేరం మోపడం రెండు చోట్లా ఒకటే, కొన్ని కేసుల్లో వెనకాల భూమి తగాదా ఉండటం కూడా.

ఎలిజబెత్ జాన్సన్ అనే ఆవిడ సంగతి కూడా అమ్మాయికి చెప్పాను. సేలం కేసుల్లో ఆవిడ నేరం ఒప్పుకుంది, మరణశిక్ష పడింది, గవర్నర్ ఆపడంతో బతికిపోయింది. తర్వాత ఒక్కొక్కరినీ నిర్దోషులుగా ప్రకటిస్తూ వచ్చిన చట్టాల్లో ఆవిడ పేరు మాత్రం చేర్చలేదు. నార్త్ ఆండోవర్‌లో ఎనిమిదో క్లాసు పిల్లలు ఆ పాత కాగితాలు చదివి, చట్టసభకి రాసి, వదలకుండా వెంటపడితే, 2022లో మసాచుసెట్స్ బడ్జెట్‌లో ఒక సవరణగా ఆవిడ పేరు చేర్చారు.