2005 నాటకం 2027లో మళ్లీ వద్దు

కుష్ఠు వ్యాధి నిర్మూలనకు కొత్త జాతీయ వ్యూహ ప్రణాళికను కేంద్ర ఆరోగ్య శాఖ 2023 జనవరి 30న విడుదల చేసింది. ఆ సందర్భంగా ఒక లెక్క చెప్పింది. 2014-15లో 1,25,785గా ఉన్న కొత్త రోగుల సంఖ్య 2021-22 నాటికి 75,394కు దిగిందట. 2021-22 అంటే దేశమంతా కొవిడ్ రెండో దెబ్బకు అల్లాడిన ఏడాది. ఆశా కార్యకర్తలు అప్పుడు ఇల్లిల్లూ తిరిగింది జ్వరాల సర్వేకు, టీకాలకు. ఒంటి మీద మచ్చలు చూసే తీరిక ఎవరికుంది? మరుసటి ఏడాది మళ్లీ వెతికితే కొత్త కేసులు 1,03,819 తేలాయి. సగటున అయిదేళ్లు, ఒక్కోసారి ఇరవై ఏళ్లు ఒంట్లో నిద్రపోయే జబ్బు ఒక్క ఏడాదిలో తగ్గి, మరో ఏడాదిలో పెరగదు. అయినా వెతకని ఏడాది అంకెను విజయంగా చెప్పుకోవడానికి ప్రభుత్వానికి ఏమాత్రం మొహమాటం కలగలేదు.

ఆ ప్రణాళిక పెట్టుకున్న గడువు 2027. అప్పటికల్లా వ్యాధి వ్యాప్తి పూర్తిగా ఆగిపోవాలి. ఆగితే అందరికంటే ముందు సంతోషించేది మేమే. కానీ గడువు దగ్గరపడే కొద్దీ మన యంత్రాంగం రోగాన్ని వదిలేసి రిజిస్టర్‌ను నయం చేయడం మొదలుపెడుతుంది. ఇది అనుమానం కాదు, ఒకసారి జరిగిపోయిన పని.

2005 డిసెంబర్ నాటికి 10 వేల జనాభాకు ఒక్క రోగి కంటే తక్కువే ఉన్నారని, దేశస్థాయిలో కుష్ఠు ఇక ప్రజారోగ్య సమస్య కాదని ప్రకటించారు. ఆ అంకె ఎలా దిగిందో చూడండి. కొత్త కేసులు 2003-04లో 3.67 లక్షలు, 2004-05లో 2.60 లక్షలు, 2005-06లో 1.61 లక్షలు. రెండేళ్లలో సగానికి పైగా మాయం! అంతకుముందే ముదిరిన కేసుల చికిత్స కాలాన్ని రెండేళ్ల నుంచి ఏడాదికి కుదించారు. వైద్యపరంగా దానికి కారణాలు ఉండొచ్చు, కానీ ఫలానా రోజున మందులు వాడుతున్న వారినే లెక్కించే పద్ధతిలో ఆ ఒక్క మార్పుతోనే రోగుల సంఖ్య కిందికి దిగుతుంది. ఇంటింటి సర్వేలు ఆపేశారు. కోర్సు పూర్తయిన రోజునే పేరు కొట్టేశారు. వేళ్లు వంకరపోయి, అరికాలు మొద్దుబారి, పుండ్లతో జీవితాంతం తిప్పలు పడే మనిషి ఆ లెక్కలో ఎక్కడా లేడు.

అన్నిటికంటే ఘోరం ఆ ప్రకటన తర్వాత జరిగింది. జబ్బే లేనప్పుడు దానికి ప్రత్యేక సిబ్బంది ఎందుకన్నారు. మోచేతి దగ్గర నరం ఉబ్బిందా అని వేళ్లతో తడిమి, దూది పీచుతో మచ్చ మీద స్పర్శ ఉందో లేదో చూసి జబ్బు పట్టగలిగిన పారామెడికల్ సిబ్బంది ఒక్కొక్కరే రిటైరయ్యారు, లేదా వేరే పనులకు వెళ్లారు. వారి చేతుల్లోని నేర్పు వారితోనే పోయింది. పదేళ్లు గడిచాక, 2016లో ప్రత్యేక అన్వేషణ పేరుతో ఎంపిక చేసిన జిల్లాల్లో మళ్లీ గడప గడపా తొక్కితే 30 వేలకు పైగా కొత్త రోగులు బయటపడ్డారు. నిరుపేద రోగులను నిర్బంధంగా ఆశ్రమాల్లో పెట్టేందుకు తెల్లవాళ్లు చేసిన 1898 నాటి చట్టం కూడా ఆ 2016లోనే రద్దయింది. సమస్య లేదని చాటిన పదేళ్లకు పైగా ఆ చట్టం మాత్రం పుస్తకాల్లో భద్రంగా ఉంది.

సాధించింది ఏమీ లేదని మేం అనడం లేదు. 1981లో 10 వేల మందికి 57 మంది రోగులున్న దేశం ఇది. మూడు మందులు కలిపి ఇచ్చే ఎండీటీ (బహుళ ఔషధ చికిత్స) లక్షల మంది చేతులు, కాళ్లు, కళ్లు కాపాడింది. గడువు పెట్టకపోతే అధికారులు కదలరనే వాదన కూడా ఉంది. నిజమే, కదులుతారు. ఎటు కదులుతారన్నదే మా ప్రశ్న.

ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలమానం ప్రకారం ఒక ప్రాంతంలో వ్యాప్తి ఆగిందని చెప్పాలంటే అక్కడ వరుసగా అయిదేళ్లు పిల్లల్లో స్థానికంగా సోకిన ఒక్క కొత్త కేసు కూడా రాకూడదు. పిల్లవాడికి సోకిందంటే పక్కనే ఎవరో మందు పడని రోగి ఉన్నట్టు. ఈ లెక్కన 2027 గడువు నిలవాలంటే 2023 నుంచే దేశంలో ఏ పిల్లకూ ఈ మచ్చ కనబడకూడదు. మన కొత్త రోగుల్లో సుమారు 5 శాతం పిల్లలే. అంటే ఏడాదికి అయిదు వేల మంది. ఈ కూడిక ఢిల్లీలో ఎవరికీ రాదనుకోవాలా? వచ్చినా గడువు మార్చలేదంటే, మార్చబోయేది లెక్కనే అని జనం అనుకుంటే తప్పెవరిది?

ఇక మన హైదరాబాద్ సంగతి. నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో 1915లోనే కుష్ఠు ఆస్పత్రి వెలసిన నేల మనది. కూకట్‌పల్లి శివానంద ఆశ్రమం 1958 నుంచి ఈ రోగులకు నీడనిస్తోంది. ఇంత అనుభవం ఉన్న చోట ఇవాళ జరుగుతున్న అన్వేషణ ఓటరు జాబితాలో ఉన్న ఇళ్ల చుట్టూనే తిరుగుతోంది. కోకాపేట, నార్సింగి టవర్ల కింద రేకుల షెడ్లలో ఉండే బిహార్, జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ కూలీలను ఏ ఆశా కార్యకర్త పరిధిలో రాశారు? ఈ వ్యాధి ఎక్కువగా ఉన్న రాష్ట్రాలవి. ఒడిశా నుంచి కుటుంబాలకు కుటుంబాలు నవంబర్, డిసెంబర్లలో శివారు ఇటుక బట్టీలకు వస్తాయి, వానలకు ముందే తిరిగి పోతాయి. ముదిరిన కేసుకు కోర్సు పన్నెండు నెలలు. బట్టీ సీజన్ ఆరు నెలలు. మిగతా ఆరు నెలల మందుల ప్యాకెట్లు ఎవరిస్తారు, ఏ రాష్ట్రం రిజిస్టర్‌లో ఆ పేరు ఉంటుంది? సాధారణంగా రెండింట్లోనూ ఉండదు. అలా రెండు రాష్ట్రాల లెక్కా బాగుంటుంది.

జబ్బు బయటివాళ్లే తెస్తున్నారని ఎవరూ దీన్ని వక్రీకరించొద్దు. మన పల్లెల్లో, మన బస్తీల్లో ఈ మచ్చలున్నవారు ఎందరో. చాలామంది దురద క్రీములు, తామర మందులు నెలల తరబడి రాసుకుని, చెయ్యి తిమ్మిరెక్కాకగానీ దవాఖానాకు రారు. పెద్దరోగం అన్న మాట ఇంట్లో వినబడితే పెళ్లిళ్లు ఆగిపోతాయనే భయం ఇంకా పోలేదు. విడాకులకు కుష్ఠును కారణంగా చూపే వీలును పార్లమెంటు తొలగించిందే 2019లో. రోగి ఇంటివారికి, ఇరుగుపొరుగుకు ముందుజాగ్రత్తగా ఇచ్చే ఒక్క డోసు రిఫాంపిసిన్ మంచి పనిముట్టే. కానీ పొరుగింటికి మాత్ర ఇవ్వాలంటే ఈ ఇంట్లో రోగి ఉన్నాడని తెలియకుండా ఇచ్చే తెలివి ఉండాలి. లేబర్ క్యాంపులో ఆ సంగతి పొక్కితే మేస్త్రీ సాయంత్రానికల్లా మూట కట్టిస్తాడు. అది తెలిసిన కూలీ మచ్చ చూపిస్తాడా?

ప్రణాళిక అంటే తేదీ ఒక్కటే కాదు. ఏడాదికి ఎంతమంది రోగులు తగ్గారన్న ఒక్క అంకెతో అధికారికి మార్కులు వేయడం మానాలి. కొత్తగా గుర్తించిన వారిలో ఎందరు అప్పటికే అంగవైకల్యంతో వచ్చారో, ఎందరు పిల్లలో అడగాలి. ఎక్కువ కేసులు పట్టిన జిల్లాను సమీక్షలో నిలదీసే అలవాటు ఉన్నంతకాలం ఏ జిల్లా అధికారీ ఎక్కువ పట్టడు. ఆశా కార్యకర్తకు కేసు పడితే ఇచ్చేది 250 రూపాయలు. ఆమెకు నరం తడమడం నేర్పడానికి ఎన్ని రోజులు కేటాయించారు? బస్తీ దవాఖానాల డాక్టర్లకు? నయమైన వారికి మొద్దుబారిన పాదాలను కాపాడే ఎంసీఆర్ (మెత్తటి రబ్బరు) చెప్పులు, పుండ్లకు కట్లు, నరాలు వాచే రియాక్షన్ వస్తే వెంటనే చికిత్స అందాయా లేదా? వీటికి బయటి నిపుణులతో తనిఖీ చేయించే ధైర్యం ఉందా? 2005లో లేకపోయింది. ప్రకటించినవారే లెక్కించారు, లెక్కించినవారే అభినందించుకున్నారు.

ఏటా కుష్ఠు వ్యతిరేక దినమైన జనవరి 30న గ్రామసభల్లో కలెక్టర్ సందేశం చదువుతారు, చేతులు చాచి ప్రతిజ్ఞ చేస్తారు, ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లోకి వెళ్తాయి. ప్రతిజ్ఞ చేయించిన అధికారులకు మా ప్రశ్న ఒక్కటే. హైదరాబాద్, రంగారెడ్డి, సంగారెడ్డి జిల్లాల్లో ఎన్ని లేబర్ క్యాంపులున్నాయి, ఎన్ని ఇటుక బట్టీలున్నాయి, గత ఏడాది వాటిలో ఎన్నింటికి కుష్ఠు సర్వే బృందం వెళ్లింది? ఆ జాబితా బయటపెట్టండి. లేకపోతే 2027లో వ్యాప్తి ఆగిపోయిందని ప్రెస్‌మీట్ పెట్టే అర్హత మీకు లేదు.