నీళ్లు ఆపేయమనేవాళ్లకి ఒక దండం

రాత్రి ఏడు దాటాక నీళ్ల గిన్నె తీసేయండి, లీకేజీ అదే ఆగిపోతుంది. మా కుక్క పింకీకి బ్లాడర్ (మూత్రాశయం) ఆపరేషన్ అయ్యాక ఇంట్లో యూరిన్ కారిపోతోంది, అప్పట్నుంచి ఈ సలహా వినని వారం లేదు. అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారు చెప్పారు, మా పెద్దమ్మ చెప్పింది, పొద్దున్నే లాబ్రడార్‌ని తిప్పే అంకుల్ చెప్పారు, చివరికి డైపర్లు కొనడానికి పోతే మెడికల్ షాపు తమ్ముడు కూడా చెప్పాడు. ఎవరూ చెడు ఉద్దేశంతో చెప్పలేదు. కానీ ఇంతమంది ఇంత ధీమాగా చెప్పే తప్పు సలహా ఇంకోటి నేను వినలేదు. అందుకే ఈ పోస్ట్. పొడుగ్గానే ఉంటుంది. యూరిన్ గురించి చదవడం ఇబ్బంది అనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు.

ముందు సంగతి చెప్తా. పింకీ షిట్జూ జాతి. ఆడది, ఆరు కిలోలు ఉంటుంది, వయసు మళ్లింది. యూరిన్‌లో రక్తం కనపడితే ఎక్స్‌రే తీయించాం. బ్లాడర్‌లో రాళ్లు. ఆపరేషన్ చేసి తీసిన రాళ్లని ల్యాబ్‌కి పంపిస్తే కాల్షియం ఆక్సలేట్ అని రిపోర్ట్ వచ్చింది. కుక్కల్లో ఎక్కువగా కనపడే రాళ్లు రెండు రకాలు. ఒకటి స్ట్రువైట్. అది చాలావరకు ఇన్‌ఫెక్షన్ వల్ల వస్తుంది, ప్రత్యేకమైన ఫుడ్‌తో, యాంటీబయాటిక్స్‌తో కరిగించే వీలుంటుంది. రెండోది ఈ ఆక్సలేట్. ఏం పెట్టినా కరగదు, తీసేయాల్సిందే. తీసేశాక మళ్లీ వచ్చే అవకాశమూ ఎక్కువే. షిట్జూ, లాసా ఆప్సో, మినియేచర్ ష్నాజర్ లాంటి చిన్న జాతులకి ఈ బెడద ఎక్కువ. (మల్కాజ్‌గిరి బోరు నీళ్ల వల్లే వచ్చిందని మా మామయ్య ఎప్పుడో తీర్పు ఇచ్చేశారు. ఆ లెక్కన ముందు ఆయనకి రావాలి, ఆయన పుట్టి పెరిగిందే ఇక్కడ.)

ఇప్పుడు నీళ్ల దగ్గరికి వద్దాం. యూరిన్ చిక్కబడినప్పుడే అందులోని ఖనిజాలు గట్టిపడి రాళ్లు కడతాయి. అందుకే రాళ్లు మళ్లీ రాకుండా ఏం చేయాలని ఏ డాక్టర్‌ని అడిగినా మొదట చెప్పేది నీళ్లు బాగా తాగించమనే. ఆరు కిలోల కుక్కకి తిండిలో ఉండే తడితో కలిపి రోజుకి సుమారు 300 మిల్లీలీటర్ల పైనే కావాలి. మే నెలలో మన ఎండలకి ఇంకా కావాలి. మీరు గిన్నె తీసేస్తే ఏమవుతుంది? పరుపు తడవడం ఆగదు, తడిపే యూరిన్ చిక్కబడుతుంది, అంతే. పైగా కోసి కుట్లు వేసిన బ్లాడర్ లోపలంతా వాచి ఉంటుంది. దాంట్లో చిక్కటి యూరిన్ నిలవ ఉండటమంటే నోట్లో పుండు పడినవాడికి మిర్చిబజ్జీ పెట్టడమే. మంట పుట్టి, అంతకుముందు కంటే ఎక్కువసార్లు పోస్తుంది. కాసేపటికే గిన్నె కోసం వెతుక్కుంటుంది, బాత్రూంలో బకెట్ అంచు నాకుతుంది. చూసేవాళ్లకి దాన్ని చూస్తే జాలి, మనల్ని చూస్తే కోపం.

మా ఇంట్లో చేసేది దీనికి పూర్తిగా ఉల్టా. హాల్లో ఒక గిన్నె, పడకగదిలో ఒక గిన్నె. తిండిలో నీళ్లు కలిపి జావలా చేసి పెడతాం. ఉప్పు, ఉల్లిపాయ, వెల్లుల్లి ఏమీ వేయకుండా చికెన్ ఉడికించిన నీళ్లు పోస్తే గిన్నె తళతళలాడేదాకా నాకేస్తుంది. ఉల్లి, వెల్లుల్లి కుక్కలకి విషం, అందుకని మన కూర పులుసు మాత్రం కలపకండి. పాలకూర కూడా బంద్, దాంట్లో ఆక్సలేట్లు ఎక్కువ. ఇన్ని నీళ్లు తాగిస్తే ఎక్కువసార్లు బయటికి తీసుకెళ్లాల్సి వస్తుంది కదా అంటే, వస్తుంది. పడుకునే ముందు ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి కచ్చితం. నీళ్లు తగ్గించే బదులు మన నిద్ర తగ్గించుకోవడమే దీనికి మార్గం. ఆ మాట ఎవరికీ నచ్చదు కాబట్టే గిన్నె తీసేసే సలహాకి అంత గిరాకీ అని నా అనుమానం.

ఒక్క మినహాయింపు ఉంది. మనం ఏమీ కలపకుండానే కుక్క తనంతట తాను విపరీతంగా తాగుతుంటే కొలిచి చూడండి. కిలో బరువుకి రోజుకి 100 మిల్లీలీటర్లు దాటితే డాక్టర్‌కి చెప్పాల్సిన విషయమే. షుగర్, కిడ్నీ, హార్మోన్ల తేడా ఏదైనా ఉండొచ్చు. స్టెరాయిడ్ మందులు వాడుతున్నా అలా తాగుతాయి. అప్పుడు కూడా చేయాల్సింది కారణం వెతకడమే, గిన్నె దాచడం కాదు.

అసలు లీకేజీ అని మనం ఒకే మాట వాడేస్తాం గానీ దీంట్లో రెండు వేర్వేరు జబ్బులున్నాయి. నాకు కోపం వచ్చేది ఇక్కడే. డిశ్చార్జ్ చేసేటప్పుడు ఈ తేడా ఎవరూ చెప్పలేదు. యాంటీబయాటిక్ ఎన్ని రోజులు, నొప్పి మందు ఎప్పుడు, మెడకి ఆ లౌడ్‌స్పీకర్ లాంటి కాలర్ ఎప్పటిదాకా, కుట్లు ఎప్పుడు విప్పుతారు, బిల్లు ఎంత. ఇవన్నీ కాగితం మీద పద్ధతిగా రాసిచ్చారు. ఇంటికెళ్లాక ఇల్లంతా చుక్కలు చుక్కలుగా పోస్తుందని, ఎర్రగా కూడా ఉండొచ్చని, ఎన్నాళ్లు అలా ఉంటే మామూలో, ఎప్పుడు భయపడాలో, దాని గురించి ఒక్క వాక్యం లేదు. "ఏమన్నా ఉంటే ఫోన్ చెయ్యమ్మా" అన్నారు. ఏది "ఏమన్నా"నో తెలిస్తే కదా ఫోన్ చేసేది! ఆపరేషన్ బ్రహ్మాండంగా చేశారు, అందులో వంక పెట్టను. కానీ ఇంట్లో చూసుకునేవాళ్ల చేతికి అర పేజీ రాసివ్వడానికి ఏం పోయింది?

ఆ అర పేజీ నేనే రాస్తున్నా అనుకోండి. మొదటి రకం, ఆపుకోలేకపోవడం. కుక్కకి తెలుస్తుంది, తలుపు దగ్గరికి పరిగెడుతుంది, మధ్యలోనే కూర్చుని నాలుగు చుక్కలు పోస్తుంది, మళ్లీ కాసేపటికి అదే. ఆపరేషన్ తర్వాత మొదటి రోజుల్లో ఇది మామూలే. వాచిన బ్లాడర్‌లో జాగా తక్కువ, కొంచెం నిండినా నిండిపోయినట్టే అనిపిస్తుంది. కొన్ని రోజులు యూరిన్‌లో కాస్త గులాబీ రంగు ఉండటం కూడా సహజమే. రోజురోజుకీ తగ్గుతూ రావాలి. బ్లాడర్ త్వరగా మానే అవయవం, రెండు మూడు వారాల్లో కోసినచోట దాదాపు పాత బలం వచ్చేస్తుంది.

రెండోది, తెలియకుండా కారిపోవడం. కుక్క హాయిగా పడుకుని ఉంటుంది, లేచేసరికి కింద తడి. లేచాక తనే ఆశ్చర్యంగా వాసన చూస్తుంది. నడుస్తుంటే చుక్కలు పడతాయి, దానికి పట్టింపు ఉండదు. ఇలా ఉంటే కారణాలు వేరు. ఇన్‌ఫెక్షన్ మిగిలి ఉండొచ్చు. స్టెరిలైజేషన్ అయిన ఆడకుక్కల్లో మూత్రనాళం బిగువు తగ్గడం అనే సమస్య విడిగానే ఉంటుంది, అది బ్లాడర్ ఆపరేషన్ తర్వాత బయటపడొచ్చు. ఇంకొకటి, అన్నిటికంటే మోసం చేసేది: బ్లాడర్ పూర్తిగా ఖాళీ కాక, నిండి పొంగి బయటికి కారడం. చూసేవాళ్లకి "అబ్బో, ఎంత పోస్తోందో" అనిపిస్తుంది. లోపల మాత్రం నిండుగా ఉండిపోతుంది. యూరిన్ దారి ఎక్కువ కాలం మూసుకుపోయి సాగిపోయిన బ్లాడర్ ముడుచుకునే శక్తి కోల్పోతే ఇలా అవుతుంది. యూరిన్ పోసిన వెంటనే స్కానింగ్ చేసి లోపల ఎంత మిగిలిందో చూస్తే తెలిసిపోతుంది. అందుకే చెప్తున్నా, ఫోన్‌లో వీడియో తీయండి. నిద్రలో కారేది, కూర్చుని పోసేది, రెండూ. డాక్టర్ దగ్గర మనం అరగంట వర్ణించే కంటే అర నిమిషం వీడియో నయం. యూరిన్ కల్చర్ (ఇన్‌ఫెక్షన్ ఉందో లేదో తేల్చే పరీక్ష) గురించి కూడా మీరే అడగండి, యాంటీబయాటిక్ కోర్సు అయిపోయాక మళ్లీ ఒకసారి చేయించమని.

ఆగకుండా పరిగెత్తాల్సినవి ఇవి. పదే పదే కూర్చుంటోంది, ముక్కుతోంది, చుక్క రావట్లేదు. పొట్ట ఉబ్బి గట్టిగా ఉంది. వాంతులు, తిండి మానేసి మూలన పడుకోవడం. తగ్గాల్సిన రక్తం పెరుగుతోంది, గడ్డలు పడుతోంది. మగకుక్క అయితే ఇంకా జాగ్రత్త, వాటి నాళం సన్నం, చిన్న రాయి చాలు అడ్డం పడటానికి. యూరిన్ అస్సలు రాకపోతే పొద్దున్న చూద్దాంలే అనుకునే విషయం కాదు.

మూతిని ఆ తడిలో రుద్దమనే సలహా ఇచ్చేవాళ్లూ ఉన్నారు. వాళ్లతో నాకు మాటల్లేవు. నిద్రలో కారిన దానికి శిక్ష ఏంటండీ? పింకీ ఆపరేషన్‌కి ముందు ఏనాడూ ఇంట్లో పోసింది లేదు. అలాంటిది పరుపు తడిస్తే సోఫా వెనక్కి పోయి దాక్కుంటోంది. అరిస్తే ఇంకో అలవాటు అవుతుంది: మనకి కనపడకుండా పోయడం, మంచం కింద పోయడం. అప్పుడు డాక్టర్‌కి చెప్పడానికి మన దగ్గర లెక్క కూడా ఉండదు.

ఇంకో రకం వాళ్లు మరీ సూటిగా వస్తారు. "ఎందుకమ్మా ఇంత పరేషాన్, ఎక్కడన్న ఇడిసిపెట్టి రారాదు" అంది పక్క ఫ్లాట్ పెద్దావిడ. చట్టం చూశాను. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టంలో సెక్షన్ 11 ప్రకారం జంతువుని ఆకలిదప్పులతో బాధపడేలా వదిలేయడం నేరమే. మొదటిసారి నేరానికి జరిమానా ఎంతో తెలుసా? 10 నుంచి 50 రూపాయలు. ఇరానీ హోటల్లో చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు తీసుకుంటే అయిపోయే డబ్బు. ఇక ముసలి షిట్జూలు, పామరేనియన్లు రోడ్ల మీద ఎందుకు తిరుగుతున్నాయో వేరే చెప్పాలా.

లిఫ్ట్ గొడవ కూడా ఉంది. కుక్కని లిఫ్ట్‌లో తేవద్దని ఒక పెద్దమనిషి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం సొసైటీలు పెంపుడు కుక్కలని నిషేధించకూడదు, లిఫ్ట్ వాడకుండా ఆపకూడదు. అది పంపించాను. కానీ ఆయన ఇబ్బంది అబద్ధమని అనను. లిఫ్ట్‌లో చుక్క పడితే వాసన వస్తుంది, తుడవాల్సింది మనం. వాచ్‌మన్ అన్న భార్య మీదకి ఆ పని తోసేసి చట్టం మాట్లాడితే సిగ్గుచేటు. నేను పింకీని చంకన ఎత్తుకుని, కింద తువ్వాలు పెట్టుకుని దిగుతాను. అలాగే అంబర్‌పేటలో 2023లో వీధికుక్కలు పసివాడి ప్రాణం తీశాక ఈ ఊళ్లో చాలామందికి కుక్క అంటేనే గుండె దడ. వాళ్లు ఎక్కితే నేను తర్వాతి ట్రిప్పులో వెళ్తాను, నాకేం పోదు.

ఇల్లు తుడవడం గురించి. నల్ల ఫినాయిల్ వద్దు, దాంట్లోని ఫినాల్ కుక్కలకి మంచిది కాదు, పాదాలు నాకుతాయి కదా. యూరిన్ మీద బ్లీచింగ్ పోయడం అసలు వద్దు, అమ్మోనియాతో కలిసి ఘాటైన విషవాయువు వస్తుంది. ముందు పాత గుడ్డతో తడి అద్దేసి, నీళ్లతో తుడిచి, పెంపుడు జంతువుల కోసం అమ్మే ఎంజైమ్ క్లీనర్ వాడితే వాసన నిజంగా పోతుంది. మామూలు సెంటు లిక్విడ్లు మన ముక్కుని మోసం చేస్తాయి గానీ దాని ముక్కుని కాదు, మళ్లీ అక్కడికే వస్తుంది. పరుపుకి పసిపిల్లల రబ్బరు షీటు, దాని మీద మా అమ్మ పాత నూలు చీర నాలుగు మడతలు. వానాకాలంలో అవి ఆరక ఇల్లంతా దండేలే, దానికి మందు లేదు. మంచాన పడ్డ పేషెంట్ల కింద వేసే అండర్‌ప్యాడ్లు కోఠి సర్జికల్ షాపుల్లో దొరుకుతాయి, కుక్కల పేరుతో అమ్మే వాటికంటే నాకు చవకగా పడ్డాయి.

మందుల విషయంలో ఒక్క మాటే. పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ లాంటి మన ఇంటి మాత్రలు కుక్కకి వేయకండి. యూట్యూబ్‌లో విదేశీయులు చెప్పే లీకేజీ మందులూ మీరే తెప్పించి వాడకండి. నాళం బిగువు పెంచే ఫినైల్‌ప్రొపనోలమైన్ బీపీ పెంచుతుంది, ఏ రకం లీకేజీనో తేలకుండా వేసేది కాదు.

డైపర్ల గురించి ఇన్‌బాక్స్‌లో చాలామంది అడిగారు, ఇక్కడే చెప్పేస్తా. ఆడకుక్కకి తోక కన్నం ఉన్న డైపర్, మగకుక్కకి నడుము చుట్టూ కట్టే బెల్ట్ రకం. పసిపిల్లల డైపర్‌కి తోక దగ్గర కన్నం కోసినా నడుస్తుంది, కోసిన అంచుకి టేపు వేయాలి, లేకపోతే లోపలి జెల్ అంతా రాలుతుంది. కుట్లు ఇంకా ఉంటే కట్టే ముందు డాక్టర్‌ని అడగండి. రోజంతా కట్టి ఉంచకండి, తడిసిన వెంటనే మార్చండి, లేకపోతే తొడల మధ్య చర్మం ఒరిసి ఎర్రగా పుండవుతుంది. అక్కడ బొచ్చు పొట్టిగా కత్తిరించి, గోరువెచ్చని నీళ్లతో కడిగి, రుద్దకుండా అద్ది ఆరబెట్టాలి. పైన పల్చగా వాజిలిన్ చాలు. పిల్లలకి రాసే జింక్ ఆక్సైడ్ క్రీమ్ మాత్రం వద్దు, నాకితే జింక్ విషం ఎక్కుతుంది. కొనే ముందు టేపుతో నడుము కొలవండి. ప్యాకెట్ మీద జాతి పేరు చూసి నేను కొన్నది పింకీకి వదులై మోకాళ్ల దాకా జారింది. ఆ ప్యాకెట్ అలాగే ఉంది, మల్కాజ్‌గిరి చుట్టుపక్కల బీగిల్ సైజు ఆడకుక్క ఎవరికైనా ఉంటే వచ్చి తీసుకెళ్లండి.