సముద్రాన్ని కొలిచే పనికి గడువు పెట్టవచ్చునా?

వాదానికి తీసుకున్న ప్రతిపాదన ఇది: బంగాళాఖాతంలో ఉష్ణోగ్రత, లవణీయత, నీటిమట్టం వంటివాటిని కొలిచే పనిని ఐదేళ్ల ప్రాజెక్టులుగా కాక, వాతావరణ కేంద్రాల్లో వర్షపాతం నమోదు చేసినట్టుగా, ముగింపు తేదీ లేని ప్రభుత్వ బాధ్యతగా నడపాలి. సమర్థిస్తున్నది ఒక సముద్ర శాస్త్రవేత్త, వ్యతిరేకిస్తున్నది నిధుల కేటాయింపు చూసే ఒక అధికారి. ఇద్దరూ కల్పిత పాత్రలే. వారు చెప్పే ఉదాహరణలు మాత్రం జరిగినవి.

అధికారి: సముద్రాన్ని కొలవవద్దని నేను అనడం లేదు, మేడమ్. ప్రశ్న ముందు, పరికరం తరువాత అంటున్నాను. ఏమి తెలుసుకోవాలో చెప్పి, దానికి పట్టే కాలమూ ఖర్చూ చూపితే నిధులు ఇవ్వవచ్చు. ఎప్పటికైనా పనికొస్తాయేమోనన్న ఆశతో అంతులేకుండా కొలతలు కూడబెట్టే పనికి ప్రజాధనాన్ని ఏ లెక్కన కేటాయించాలి?

శాస్త్రవేత్త: ప్రశ్న ముందే తెలియాలన్న నియమం ఇక్కడ చెల్లదు, సార్. విశాఖపట్నంలో టైడ్ గేజ్ (తీరంలో నీటిమట్టాన్ని నమోదు చేసే పరికరం) నమోదులు 1937 నుంచి, ముంబయిలో 1878 నుంచి ఉన్నాయి. వాటిని నెలకొల్పినవారికి కావలసింది ఓడలు రేవులోకి ఏ వేళకు రావచ్చునో తెలియడం; భూమి వేడెక్కి సముద్రమట్టం పెరుగుతుందన్న ఆలోచన వారిది కాదు. అయినా ఉత్తర హిందూ మహాసముద్ర తీరాల్లో నీటిమట్టం ఏడాదికి 1.06 నుంచి 1.75 మిల్లీమీటర్ల చొప్పున పెరిగిందని సముద్ర శాస్త్రవేత్తలు ఉన్నికృష్ణన్, శంకర్ 2007లో తేల్చగలిగారంటే, 40 ఏళ్లకు మించిన నమోదులున్న రేవులు ఉండబట్టే. రోజుకు రెండుసార్లు ఎగసి దిగే ఆటుపోట్ల మధ్య, ఋతువును బట్టి మారే ప్రవాహాల మధ్య, ఏడాదికి మిల్లీమీటరున్నర పెరుగుదల మీ ఐదేళ్ల ప్రాజెక్టులో కనబడనే కనబడదు.

అధికారి: ఆ కాలంలో ఉపగ్రహాలు లేవు. 1992లో టోపెక్స్–పొసైడన్ ఉపగ్రహ ప్రయోగం జరిగినప్పటి నుంచి సముద్రపు ఎత్తును ఆకాశం నుంచే కొలుస్తున్నాం. చేపలు ఎక్కడ దొరుకుతాయో మత్స్యకారులకు హైదరాబాద్‌లోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ పంపే సూచనలకు కూడా ఆధారం ఉపగ్రహాలు చూసే ఉపరితల ఉష్ణోగ్రత, నీటి రంగే కదా. సముద్రంలో లంగరు వేసి ఉంచే, తేలుతూ కొలతలు తీసే బోయ్ సంగతి చూడండి: దాని చుట్టూ చేపలు చేరతాయి గనుక వేట పడవలు దానికే తాళ్లు కట్టుకుంటాయి, సెన్సార్లు విరుగుతాయి, మళ్లీ నౌకను పంపవలసి వస్తుంది. తిరిగి తిరిగి పాడయ్యే పరికరంపై ఎంతకాలం ఖర్చు పెట్టాలి?

శాస్త్రవేత్త: ఉపగ్రహం సముద్రపు పైపొరనే చూస్తుంది, బంగాళాఖాతపు రహస్యమంతా పైపొర కిందే ఉంది. గంగా బ్రహ్మపుత్రలు, ఐరావతి, మహానది, గోదావరి తెచ్చి పోసే మంచినీరూ వాననీరూ కలిసి ఇక్కడ పలుచని తేలిక పొరగా పరుచుకుంటాయి. దాని కింది ఉప్పునీరు బరువైనది కనుక, గాలి ఎంత చిలికినా రెండూ అంత తేలికగా కలవవు. అందువల్ల ఋతుపవనాలు వెనుదిరిగాక పైపొర చల్లబడినా కింద వేడినీరు నిలిచి ఉండగలదు. అప్పుడు తుపాను ఆ నీటి మీదుగా సాగినా లోతునుంచి చల్లని నీరు పైకి రాదు, తుపాను బలం తగ్గదు. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, రెండూ అక్టోబరులోనే తీరం దాటిన సంగతి విశాఖ ప్రజలకు నేను గుర్తుచేయనక్కరలేదు. వేడెక్కిన నీరు ఉబ్బుతుంది గనుక ఉపగ్రహం చూపే ఎత్తును బట్టి లోపలి వేడిని అంచనా వేయవచ్చు, నిజమే. ఆ అంచనా సరైనదో కాదో చెప్పవలసింది మాత్రం నీటిలో దిగిన పరికరమే. పైగా టోపెక్స్‌లో సముద్రపు ఎత్తును కొలిచే తొలి ఆల్టిమీటర్ కొలతలు నెమ్మదిగా అసలు విలువ నుంచి తప్పుతున్నాయని పట్టించింది కూడా తీరంలోని టైడ్ గేజ్‌లతో చేసిన పోలికే.

అధికారి: నీటిలో దిగిన పరికరమూ తప్పు చెబుతుంది. ఆర్గో ఫ్లోట్లు అనే స్వయంచాలక పరికరాలు 1,000 మీటర్ల లోతున తేలియాడుతూ, పది రోజులకోసారి 2,000 మీటర్ల నుంచి పైకి వచ్చి కొలతలు పంపుతాయి; ప్రపంచమంతటా అలాంటివి సుమారు 4,000 ఉన్నాయి. 2003–2005 మధ్య సముద్రాల పై భాగం చల్లబడిందని 2006లో ఒక పత్రం వెలువడింది. మరుసటి ఏడాదే అది పొరపాటని తేలింది, కొన్ని ఫ్లోట్లు లోతును తప్పుగా నమోదు చేశాయి కనుక. తప్పుల వరుస ఎంత పొడవైతే ఏం లాభం?

శాస్త్రవేత్త: ఆ తప్పు ఎలా దొరికిందో కూడా చూడండి. సముద్రం చల్లబడితే నీరు కుంచించుకోవాలి, కానీ ఉపగ్రహాలు చూపే నీటిమట్టం పెరుగుతూనే ఉంది. రెండు స్వతంత్ర వరుసలు ఒకదానితో ఒకటి పొసగనందువల్లే పరిశోధకులు వెనక్కి వెళ్లి ఫ్లోట్లను ఒక్కొక్కటిగా పరీక్షించారు. ముడి కొలతలు అందరికీ అందుబాటులో ఉండటం వల్ల ఆ పని ఏడాదిలోనే తేలింది. మరి అప్పుడప్పుడూ కొలిస్తే ఏమవుతుందంటారా? 1957 నుంచి 2004 వరకు ఐదు నౌకాయాత్రల కొలతలను పోల్చి, అట్లాంటిక్‌లోని ప్రధాన ప్రవాహచక్రం 30 శాతం మందగించిందని 2005లో ప్రకటించారు. 2004లో అక్కడే నెలకొల్పిన, ఆగకుండా కొలిచే ర్యాపిడ్ అనే పరికరాల వరుస తొలి ఏడాదిలోనే చూపించినదేమిటంటే, ఆ ప్రవాహం సెకనుకు 40 లక్షల ఘనపు మీటర్ల నుంచి సుమారు 3.5 కోట్ల ఘనపు మీటర్ల దాకా ఊగిసలాడుతుందని. ఐదు యాత్రల్లో కనిపించిన తేడా అంతా ఆ ఒక్క ఏడాది ఊగిసలాటలోనే ఇమిడిపోతుంది.

(వాదం మొత్తంలో నాకు అన్నిటికన్నా బలంగా తోచినది ఈ జవాబే. అధికారి కూడా దీన్ని ఖండించలేదు, పక్కకు తిరిగాడు.)

అధికారి: అలాగే అనుకుందాం. ఆ కొలతలను వాడేవారెవరు? ఫైలు తెరవడం కూడా ప్రత్యేక శిక్షణ లేనిదే కుదరని రూపంలో దత్తాంశాన్ని దాచి, జిల్లా కళాశాల విద్యార్థికి దారి చూపకపోతే, అది కొద్దిమంది సొత్తే అవుతుంది.

శాస్త్రవేత్త: ఇక్కడ మీతో నాకు పేచీ లేదు. కొలవడానికి ఇచ్చే నిధిలో ఒక భాగం ఆ కొలతలను సరిచూసి, వివరణతో సహా, పట్టికల రూపంలో ఉచితంగా పెట్టడానికే కేటాయించాలి. బోయ్‌లు చూపే సంగతులను రేవుల్లో మత్స్యకారులకు వారి భాషలో చెబితే, తాళ్లు కట్టడం కూడా తగ్గుతుందని నా నమ్మకం.

అధికారి: అయితే పదేళ్లకోసారి సమీక్షించి, అవసరం లేనివి ఆపేసే అధికారం మాకుండాలి.

శాస్త్రవేత్త: ఏ పరికరం మార్చాలో, ఏ బోయ్ తీసేయాలో సమీక్షించండి, కొలవాలా వద్దా అన్నది మాత్రం సమీక్షకు పెట్టవద్దు. పసిఫిక్‌లో ఎల్ నినోను, అంటే అక్కడి భూమధ్యరేఖ ప్రాంతపు నీరు మామూలుకన్నా వేడెక్కడాన్ని, కనిపెట్టే బోయ్‌ల వరుసను చూసుకునే అమెరికా నౌకను 2012లో విధుల నుంచి తప్పించారు. 2014 నాటికి ఆ బోయ్‌ల నుంచి అందే సమాచారం దాదాపు 40 శాతానికి పడిపోయింది. బోయ్‌లు వద్దని అక్కడ ఎవరూ తీర్మానించలేదు, నౌక ఖర్చు మిగుల్చుకోవాలనుకున్నారంతే. ఆనాడు నమోదు కానిదాన్ని ఈనాడు ఎంత డబ్బు పోసినా కొలవలేం. ఇంకొక మాట: పరికరం మార్చినప్పుడు పాతదీ కొత్తదీ కనీసం ఏడాదిపాటు పక్కపక్కనే నడపాలి. 1945లో సముద్ర ఉపరితల ఉష్ణోగ్రతల నమోదు ఒక్కసారిగా పడిపోయినట్టు కనిపిస్తుంది. అందుకు కారణం సముద్రం చల్లబడటం కాదని, ఇంజన్‌లోకి తీసుకునే నీటిని కొలిచే అమెరికా ఓడల నమోదులు తగ్గి, బకెట్‌తో తోడి కొలిచే బ్రిటిష్ ఓడల నమోదులు పెరగడమేనని 2008లో గాని తేలలేదు.

అధికారి: పక్కపక్కన నడిపే ఖర్చుకు ఒప్పుకుంటాను. ముగింపు లేని పద్దుకు ఇంకా ఒప్పుకోను. ఏడాదికి ఎన్ని నౌకాదినాలు (నౌక సముద్రంలో పనిచేసే రోజులు) కావాలో, ఏ ఐదు చోట్ల కొలత ఆగకూడదో రాసి ఇవ్వండి, అక్కడి నుంచి మాట్లాడుకుందాం.

శాస్త్రవేత్త: ఐదు చాలవు, సార్, ఉత్తర బంగాళాఖాతంలోనే మూడు కావాలి. కాగితం మాత్రం సిద్ధం చేస్తాను.