28 రోజుల్లో 28 కిలోల కండ: ‘ఒక్క సెట్ చాలు’ అన్న ప్రచారం ఎంతవరకు నిజం?

ఒక్కో కండరానికి వారానికి ఒక్క రోజు, ఒక్కో వ్యాయామానికి ఒకే సెట్ (మధ్యలో ఆపకుండా వరుసగా బరువు ఎత్తే ఒక విడత), అదీ ఇక బరువు లేవదన్నంత వరకు చేస్తే చాలని, అంతకు మించి చేసేదంతా ఉన్న కండను కరిగించుకోవడమేనని చెప్పే వీడియోలు జిమ్‌కు వెళ్ళే కుర్రాళ్ళ ఫోన్లలో విరివిగా తిరుగుతున్నాయి. వాటికి మూలాధారంగా చూపేది 1973 మే నెలలో అమెరికాలోని కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో జరిగిన ప్రయోగాన్ని. నాటిలస్ అనే వ్యాయామ యంత్రాల రూపకర్త ఆర్థర్ జోన్స్ శిక్షణలో కేసీ వయేటర్ అనే బాడీబిల్డర్ 28 రోజుల్లో 63 పౌండ్ల కండ, అంటే 28 కిలోలకు పైగా, పెంచాడన్నది ఆ కథ. ఈ పద్ధతి పనికిరాదని నేననను. దానికి అంటగడుతున్న మహిమలతోనే నా పేచీ.

మొదట ఆ 28 కిలోల సంగతి. జోన్స్ ప్రకటించిన లెక్కల ప్రకారమే వయేటర్ బరువు సుమారు 75.7 కిలోల నుంచి 96.2 కిలోలకు చేరింది. తూకం మీద పెరిగింది 20.5 కిలోలు మాత్రమే. కరిగిందని లెక్కగట్టిన 8 కిలోల కొవ్వును దానికి కలిపితే 28 దాటింది. పైగా అతడు కొత్తగా జిమ్‌లో అడుగుపెట్టినవాడు కాడు, 1971లో 19 ఏళ్ళకే మిస్టర్ అమెరికా అయినవాడు. 1973 ఆరంభంలో పనిచేసేచోట యంత్రంలో చెయ్యి పడి వేలు పోగొట్టుకున్నాడు. ధనుర్వాతం రాకుండా ఇచ్చిన ఇంజెక్షన్ వికటించి ప్రాణాల మీదికి వచ్చింది. వ్యాయామం మానేసి 15 కిలోల దాకా తగ్గిపోయాడు. అంటే ఆ నెలలో వచ్చినదానిలో అధికభాగం పోయిన కండ తిరిగి రావడమే. ఒకసారి పెరిగిన కండర కణంలో చేరిన అదనపు కేంద్రకాలు కండ తగ్గినా నిలిచే ఉంటాయని 2010లో ఓస్లో పరిశోధకులు ఎలుకలలో చూపించారు; పోయిన కండ త్వరగా తిరిగి రావడానికి అవే కారణం కావచ్చు. మనుషులలో ఇది ఎంతవరకు వర్తిస్తుందన్న చర్చ సాగుతున్నా, మానేసి మళ్ళీ మొదలుపెట్టినవారికి కండ త్వరగా వస్తుందన్నది ఏ ట్రైనర్‌ను అడిగినా చెప్పే మాటే.

మరో లెక్క కూడా వేసి చూడవచ్చు. కండరంలో ముప్పాతిక వంతు నీరే, ప్రోటీన్ అయిదో వంతు. రోజుకు కిలో చొప్పున నిజమైన కండ పెరగాలంటే శరీరపు రోజువారీ అవసరాలన్నీ పోగా దాదాపు 200 గ్రాముల ప్రోటీన్ ప్రతిరోజూ కండలో నిలవాలి, అదే సమయంలో 8 కిలోల కొవ్వు కూడా కరగాలి. ఇది నమ్మదగిన మాట కాదు. తిండి, వ్యాయామం తిరిగి మొదలైనప్పుడు కండరంలో చేరే గ్లైకోజెన్ (కండరం నిల్వ చేసుకునే పిండిపదార్థం), దానితోపాటు నిలిచే నీరు కూడా కొవ్వు కాని బరువు కిందికే వస్తాయి. యంత్రాలు అమ్ముకునే వ్యక్తే ప్రయోగం నడిపాడన్నది కూడా గుర్తుంచుకోవాలి.

రెండవ మాట, ఒక్క సెట్‌తోనే పూర్తి ఫలితం వస్తుందన్నది. ఇది సగం నిజం. అనుభవమున్న యువకులపై 8 వారాలు జరిపి 2019లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, వ్యాయామానికి ఒకటి, మూడు, అయిదు సెట్లు చేసిన మూడు బృందాలకూ బలం దాదాపు సమానంగానే పెరిగింది. ఒక్క సెట్ బృందానికి పూటకు పట్టిన సమయం సుమారు 13 నిమిషాలే. తీరిక లేనివారికి ఇది నిజంగా శుభవార్త. అయితే కండ పరిమాణం మాత్రం సెట్లు ఎక్కువ చేసినవారికే ఎక్కువ పెరిగింది. వీడియోలు వాగ్దానం చేస్తున్నది కండను కాబట్టి వాటి వాదం ఇక్కడే వీగిపోతుంది.

కండరం కోలుకోవడానికి వారం పడుతుందన్నది మూడవ మాట. బరువులెత్తిన తరువాత కండరంలో ప్రోటీన్ తయారీ 24 గంటలకు రెట్టింపై, 36 గంటలకల్లా దాదాపు మామూలు స్థాయికి దిగుతుందని 1995లోనే కెనడా పరిశోధకులు కొలిచి చూపారు. అంతదాకా ఎందుకు, వయేటర్ ఆ 28 రోజుల్లో 14 పూటలు, పూటకు సగటున 33 నిమిషాలు వ్యాయామం చేశాడు. వారానికొక్కసారి చాలనేవారు రోజు విడిచి రోజు చేసినవాడిని సాక్షిగా పిలుస్తున్నారు!

చివరిది, బరువు ఇక లేవనంత వరకు చేయకపోతే ఫలితం సున్నా అన్నది. ఇప్పటివరకు వచ్చిన అధ్యయనాలను కలిపి చూస్తే, ఒకటి రెండు రెప్‌ల (రెప్ అంటే బరువును ఒకసారి ఎత్తి దించడం) ముందు ఆపినవారికీ దాదాపు అంతే ఫలితం దక్కుతోంది, అలసట మాత్రం తగ్గుతోంది. అదే మొత్తం పనిని చివరికంటా లాగి చేసినప్పుడు కోలుకోవడానికి 24 నుంచి 48 గంటలు అదనంగా పట్టిందని 2017 నాటి ఒక స్పెయిన్ అధ్యయనం చెబుతోంది. పది రెప్‌లకు సరిపోయే బరువుతో స్క్వాట్ (భుజాల మీద బార్ పెట్టుకుని గుంజీళ్ళు) చేస్తున్నప్పుడు ఎనిమిదో రెప్ దగ్గర బార్ పైకి లేచే వేగం స్పష్టంగా మందగిస్తుంది. అక్కడ ఆపితే సరిపోతుంది. చివరికంటా వెళ్ళాలన్న ముచ్చట ఉంటే బైసెప్స్ కర్ల్ వంటి చిన్న వ్యాయామాల చివరి సెట్‌లో తీర్చుకోవచ్చు. అలసట పేరుకుంటున్నదీ లేనిదీ తెలియడానికి నోట్‌బుక్ ఒక్కటి చాలు: అదే బరువుకు వరుసగా రెండు మూడు పూటలు రెప్‌లు తగ్గుతూ, నిద్ర కూడా చెడుతుంటే, ఒక వారం సెట్లను సగానికి తగ్గించి చూడాలి.

కొలరాడోలో వయేటర్ చేసినట్టు, ఎత్తగలిగినదానికన్నా పెద్ద బరువును ఇతరుల సాయంతో పైకి లేపించుకుని నిదానంగా దించే సెట్లను మాత్రం కొత్తవారు అనుకరించకూడదు. మర్నాడు మెట్లు దిగలేకపోవడం మామూలే కానీ, కండరం వాచి, భరించరాని నొప్పితో మూత్రం ముదురు గోధుమరంగులోకి మారితే కండర కణాలు చితికి మూత్రపిండాలకు ముప్పు వస్తున్నట్టే. అప్పుడు చేయవలసినది విశ్రాంతి కాదు, ఆలస్యం లేకుండా ఆసుపత్రికి వెళ్ళడం.